రాతినార ఏకిన చేతులు

కడప ముస్లింల చరిత్ర అనగానే పుస్తకాలు కోటల దగ్గర మొదలవుతాయి. మయానా నవాబులు, వాళ్ల దర్బార్లు, 1779లో హైదర్ అలీ వచ్చి అబ్దుల్ హలీంఖాన్‌ను పట్టుకుపోవడం, 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేయడం. అంతటితో సరి. ఆ తర్వాత కడప ముస్లిం చరిత్రలోంచి మాయమైపోతాడు. మళ్లీ ఎన్నికలప్పుడు ఓటుగా కనపడతాడు, పేపర్లో అనుమానితుడిగా కనపడతాడు. మధ్యలో రెండు వందల ఏళ్లు ఏం తిని బతికాడో, ఏ పని చేస్తూ చచ్చాడో అడిగినవాళ్లు తక్కువ.

నవాబులు మా తాతలు కారు. ఈ మాట చెబితే మాలోనే కొందరికి కోపం వస్తుంది. పోగొట్టుకున్న రాజ్యం ఒకటి ఉందని అనుకోవడంలో కొంత సుఖం ఉంది మరి. మమ్మల్ని ద్వేషించేవాళ్లకూ ఆ నవాబులే కావాలి, ఎప్పటి కత్తికో ఇప్పటి మమ్మల్ని బదులు చెప్పమనడానికి. ఇద్దరికీ మా అబ్బల సంగతి అక్కరలేదు. మేం పులివెందుల వైపు దూదేకులోళ్లం. నూర్‌బాషాలనీ, పింజారీలనీ, లద్దాఫ్‌లనీ కూడా అంటారు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద వేసిన పుస్తకాల్లో మాకూ కొంచెం చోటిచ్చాడు, దూది శుభ్రం చేసేవాళ్లు, తాళ్లు, నవారు అల్లేవాళ్లు అని. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నమాజు రానివాళ్లు ఉన్నారు గానీ పీర్ల పండక్కి గుండం తొక్కనివాళ్లు మా ఊళ్లో లేరు. మా పేర్లలో దస్తగిరి ఉంటాడు, కుళ్లాయప్ప ఉంటాడు. ఒకే మనిషి పేరు రేషను కార్డులో ఒక తీరు, ఓటరు లిస్టులో ఇంకో తీరు. ఉర్దూ మాట్లాడే ఖాన్‌సాబులకు మేం సగం తురకలం. ఊరి పెద్దరైతుకు మాత్రం నిండా తురకలమే.

దూది ఏకడమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాల్సిన పరిస్థితి వచ్చింది. మనిషి ఎత్తు విల్లు, దానికి బిగించిన నరం, ఆ నరాన్ని కొట్టడానికి ఒక కొయ్య. దూదికుప్ప మీద నరం ఆడించి కొయ్యతో కొడితే ఆ అదురుకు గింజ తీసిన పత్తి విడివిడిగా పోగులై లేస్తుంది. ఇల్లంతా నుసి. ముక్కులో, కళ్లల్లో, అన్నంలో నుసి. బొంతలు, పరుపులు కుట్టడానికి ఊరూరా తిరిగేవాళ్లు. సీమలో పత్తి పండింది, మా పని నడిచింది. జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు వచ్చాక విల్లుకు పని తగ్గింది. మాకు భూమి లేదు. భూమి ఉన్నవాళ్లకే ఇక్కడ వాన లేదు. 1876లో మొదలై రెండేళ్లు ఊళ్లకు ఊళ్లను ఊడ్చిన ధాత కరువు తర్వాత కూడా కరువు ఈ నేలను వదల్లేదు. అట్లా దూది నుంచి రాతికి పోయారు మావాళ్లు.

కడప రాతికున్న పేరు మాకు లేదు. ఇది ఎత్తిపొడుపు కాదు, జరిగిందే. 1872లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథం రాశాడు. అప్పటి నుంచీ ఆ పొరలకు ప్రపంచమంతా కడప పేరే. 1933లో కూల్సన్ అనే ఆయన దత్తమండలాల ముగ్గురాయి మీద, 1934లో ఇక్కడి రాతినార మీద రాశాడు. ఏ గుట్టలో ఏ పొర ఎంత మందం, ఏ కంత ఎంత లోతు, ఏ రాయి ఏ రంగు, అన్నీ దొరుకుతాయి వాటిల్లో. ఆ కంతలోకి దిగినవాడి పేరు దొరకదు. రాయి చరిత్ర రాసినంత శ్రద్ధగా మా చరిత్ర ఎవరూ రాయలేదు.

మన దగ్గర ఇది కొత్త కాదు. పదిహేడో శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి రావులకొండ గనులు చూశాడు. అది కర్నూలు జిల్లా రామళ్లకోటేనని చాలామంది అంటారు. పనిలో ఎంత నేర్పు ఉన్నా అక్కడి కూలీలకు ఏడాదికి మూడు పగోడాలకు మించి ముట్టదని ఆయనే రాసిపెట్టాడు. వజ్రాలకు గోలకొండ పేరు వచ్చింది, సుల్తానుల పేరు వచ్చింది. ఈ కథలో మేం ఎవరి పక్క? సుల్తానూ ముస్లిమే కదా అని ఆయన పక్క నిలబడాలా, మూడు పగోడాలవాడి పక్క నిలబడాలా? ముస్లిం అస్తిత్వం గురించి మాట్లాడేవాళ్లం ఇది ముందు తేల్చుకోవాలి. మేం తేల్చుకున్నాం.

రాతినార గురించి చెప్పాలి. పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె, లోపట్నూతల వైపు గుట్టల్లో సున్నపుజాతి రాతిపొరలోకి ఎప్పుడో భూమి లోపలి నుంచి నల్లరాయి కాగి దూరింది. ఆ రెండూ తగిలినచోట పట్టులాంటి పోగులున్న రాయి ఏర్పడింది. గోటితో గీరితే దూదిలా విడివడుతుంది. నిప్పుకు కాలదు. అందుకే దానికంత గిరాకీ. పొర సన్నం, కొన్ని అంగుళాలకు మించదు. ఆ సన్నటి పొర కోసం దాని వెంబడే గుట్టలోకి తవ్వుకుంటూ పోవాలి. మగవాళ్లు లోపల సమ్మెట పట్టి రాయి కొట్టాలి, తూటా పెట్టాలి. బయట ఆడవాళ్లు వరసగా కూచుని చిన్న సుత్తులతో రాయిని చితకగొట్టి నార విడదీయాలి. నార పొడుగును బట్టి వేరుచేయాలి. దూది ఏకిన ఇంటివాళ్లకు ఇది కొత్త పనిగా అనిపించలేదట. చేతికి పోగు తెలుసు, ముక్కుకు నుసి తెలుసు. దూది నుసి దగ్గుతో పోయేది. ఇది పోదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మా అబ్బకు నాయన అట్లాంటి ఒక గనిలోనే పోయాడు. పెద్ద యుద్ధం నడుస్తున్న కాలమని ఇంట్లో చెప్పుకుంటారు, ఏ ఏడో తెలీదు. తూటా పేలాక రాయి తీయడానికి లోపలికి పోయిన నలుగురిలో ఆయన ఒకడు. పైకప్పు జారింది. ఇద్దరు బయటపడ్డారు. మా జేజినాయనను మర్నాడు పొద్దుగూకే వేళకు తీశారు. మంచం మీద వేసుకుని ఊరికి మోసుకొచ్చారు. గుసుల్ చేయించడానికి మజీదున్న ఊరి నుంచి మనిషి రావాలి, వచ్చేసరికి నడిరేయి దాటింది. గని తరఫున వచ్చినాయన దినాల ఖర్చుకని కొంత డబ్బు, ఒక మూట జొన్నలు ఇచ్చి జేజితో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుపోయాడు. ఆ కాగితంలో ఏముందో మా జేజికి తెలీదు, మాకూ తెలీదు. ఇంతే మా ఇంట్లో మిగిలిన చరిత్ర. మా నాయన దాన్ని కథగా కూడా చెప్పేవాడు కాదు. ఎప్పుడన్నా ఎవరన్నా అడిగితే ‘గనిలో పాయ’ అనేవాడు.

అప్పటికి చట్టం లేకకాదు. పనివాళ్ల నష్టపరిహారం చట్టం 1923లో వచ్చింది, 1924 జూలై 1 నుంచి అమలైంది. గనిలో పనిచేస్తూ చనిపోయిన మనిషి మీద ఆధారపడినవాళ్లకు ముప్పై నెలల కూలి గానీ రెండున్నర వేలు గానీ, ఏది తక్కువైతే అది ఇవ్వాలని అందులో రాశారు. ఆ ‘ఏది తక్కువైతే అది’ అన్న ముక్క గమనించండి. బ్రిటిషువాడి దయ కూడా ఎప్పుడూ తక్కువవైపే మొగ్గింది. సరే, ఆ తక్కువైనా ముప్పై నెలల కూలి. మా జేజి చేతికొచ్చింది ఒక మూట జొన్నలు. గనుల చట్టం 1901లోనే ఉంది, 1923లో మళ్లీ రాశారు. గనిలో మనిషి చస్తే సర్కారుకు తెలపాలని ఉంది. మద్రాసు రాష్ట్రంలో చట్టం ఉంది, పులివెందుల గుట్టల్లో రాయి ఉంది. ఈ రెంటికీ మధ్య దోవ లేదు.

దీనిలోకి మతం ఎందుకని సెక్యులర్ మిత్రులు అడగొచ్చు. పక్కన చచ్చినవాడు మాలవాడో బోయవాడో అయి ఉంటాడు, వాడికీ ఇంతే కదా అనొచ్చు. నిజమే. రాయి పడేటప్పుడు కులమూ మతమూ చూడదు. అయితే రాయి కిందికి ఎవరు పోవాలన్నది మాత్రం కులమూ మతమూ చూసే తేలుతుంది. భూమి ఎవరికుంది, చదువు ఎవరికుంది, కరణం రికార్డులో ఎవరి పేరుంది అన్నది తేలాక మిగిలినవాళ్లే గనికి పోయారు. మెకంజీ కాలంలో ఊరూరా రాయించిన కడప కైఫియత్తులు ఇప్పుడు అచ్చులో ఉన్నాయి. గుడి మాన్యాలు, దర్గా ఇనాములు, పాళెగాళ్ల తగవులు అన్నీ ఉన్నాయి వాటిలో. ఇనాము ఉన్నవాడికి చరిత్ర ఉంది. ఇనాము లేని తురకకూ చరిత్ర లేదు, మాలకూ లేదు. గనిలో మా పక్కన పనిచేసినవాళ్లను మా చరిత్రలోంచి వేరుచేసి చెప్పడం మాకు చేతకాదు.

ఇంకొక మాట కూడా ఉంది. హదీసుల్లో షహీదులెవరని అడిగినచోట యుద్ధంలో పోయినవాడితో పాటు మహమ్మారితో పోయినవాడు, కడుపు జబ్బుతో పోయినవాడు, నీళ్లలో మునిగిపోయినవాడు, మీద కూలిపడిన దాని కింద పోయినవాడు కూడా ఉన్నాడు. షహీద్ అన్న మాటను ఈ దేశంలో ఎంత భయపెట్టే మాటగా చేశారో మనకు తెలుసు. మావాళ్లలో కొందరు కూడా దాన్ని కత్తికే కట్టేశారు. మా జేజినాయన కత్తి పట్టలేదు. సమ్మెట పట్టాడు, గుట్ట కూలితే కింద పడ్డాడు. ఆ లెక్కన ఆయన షహీదే. సర్కారు లెక్కకు రానివాడు ఆ లెక్కలోకి వచ్చాడని మజీదు మౌల్వీ ఒకాయన చెప్పినప్పుడు మా నాయన చాలాసేపు మాట్లాడలేదు.

కప్పు కూలి చచ్చినవాళ్లను ప్రమాదం అని అయినా అంటారు. నుసితో చచ్చినవాళ్లను ఏమనాలి? రాతినార పోగు కంటికి కనపడనంత సన్నగా విరిగి ఊపిరితిత్తుల్లో దిగితే అక్కడే ఉండిపోతుంది. ఇరవై ఏళ్లకో నలభై ఏళ్లకో ఊపిరితిత్తి గట్టిపడుతుంది, కొందరికి క్యాన్సర్ అవుతుంది. గనికి పోయినవాళ్లకే కాదు, వాళ్ల బట్టలు ఉతికిన ఆడవాళ్లకూ వస్తుందని వైద్యులు తేల్చారు. జబ్బు పైకొచ్చే నాటికి గని మారి ఉంటుంది, యజమాని మారి ఉంటాడు. ఊరి డాక్టరు క్షయ అని మందులిస్తాడు. మావాళ్లు దమ్ము అంటారు. మా జేజి చివరి ఏళ్లన్నీ గోడకు ఆనుకుని కూచునే నిద్రపోయేదట, పడుకుంటే ఊపిరాడక. ఆమె కూడా నార విడదీసిన మనిషే. ఆమెది ఏ రోజున జరిగిన ప్రమాదమని రాయాలి?

1986లో కేంద్రం రాతినారకు కొత్త లీజులు ఆపింది. 1993లో పాతవాటి పొడిగింపు కూడా ఆపింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. రాతినార పనిలో ఉన్న ప్రతి మనిషి ఆరోగ్యం రికార్డు పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లో, పని మానిన తర్వాత 15 ఏళ్లో, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలంది. జబ్బు ఉన్నట్టు తేలినవాళ్లకు లక్ష రూపాయలు ఇవ్వాలంది. ఇక్కడ ‘ఏది ఎక్కువైతే అది’ అన్నారు, సంతోషం. కానీ దాచాలంటే ముందు రికార్డంటూ ఉండాలి కదా. మస్టరులో పేరే లేని రోజుకూలీకి ఆరోగ్యం రికార్డు ఎక్కడిది? పేరున్నా అది ఏ పేరు? హుస్సేనప్ప అని ఒకచోట, షేక్ హుస్సేన్ అని ఇంకోచోట ఉంటే ఇద్దరూ ఒకరేనని ఎవరు రుజువు చేస్తారు?

కడప బండల సంగతి ఇంకా విచిత్రం. మీ ఇంట్లో వంటగది అరుగు కడప బండే అయి ఉంటుంది. ఎర్రగుంట్ల నుంచి బేతంచెర్ల దాకా, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాతి గుంతలే. 1952 గనుల చట్టంలో మూడో సెక్షన్ అని ఒకటి ఉండేది. ఇల్లు కట్టే రాయి, పలక, సున్నపురాయి, కంకర వంటివి తవ్వేచోట లోతు ఆరు మీటర్లు దాటకపోతే, ఏ రోజూ యాభై మందికి మించి పనిలో లేకపోతే, మందు పేల్చకపోతే చట్టంలోని చాలా నిబంధనలు వర్తించవు. చిన్న గుంతలను సతాయించొద్దని పెట్టి ఉంటారు. ఫలితం ఏమైంది? ఒక పెద్ద గని పక్కపక్కన పది చిన్న గుంతలుగా మారడానికి అందులోనే దారి ఉంది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టం పోయింది. గుంతలు పోలేదు.

రాతినార తగ్గాక ఈ జిల్లాకు మిగిలింది ముగ్గురాయి. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్నంత ముగ్గురాయి ప్రపంచంలో ఇంకెక్కడా ఒక్కచోట లేదంటారు. దాని విలువంతా బరువులో ఉంది. నీళ్లకు నాలుగింతలు పైనే తూగుతుంది. దాన్ని పిండి చేసి బురదలో కలిపి చమురు బావి తవ్వేటప్పుడు లోపలికి పంపితే కింది నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని ఆ బరువు అణచిపెడుతుంది. అందుకే మన ముగ్గుపిండి ఓడలెక్కి గల్ఫు చమురు బావుల్లోకి పోతుంది. దాని వెనకే మన మనుషులూ పోయారు. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు కువైట్‌కు మనిషిని పంపని ముస్లిం వాడ ఉందా? రాయీ పోయింది, రాయి కొట్టేవాడూ పోయాడు. రాయి ధర మాత్రం పేపర్లో పడుతుంది. అక్కడి నుంచి పెట్టెలో తిరిగొచ్చిన మనిషి గురించి ఇంట్లోనే ఏడ్చుకోవాలి.

ఇదంతా తాతల కాలం అనుకునేవాళ్ల కోసం 2021 మే 8 గురించి చెప్పాలి. కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాయి గనిలో వాహనంలోంచి జిలెటిన్ దించుతుండగా పేలింది. పదిమంది పోయారు. పులివెందుల, వేముల వైపు నుంచి పనికొచ్చినవాళ్లు అందులో ఉన్నారు. శరీరాలు ముక్కలై పడ్డాయి, ఎవరిది ఏదో పోల్చుకోవడమే కష్టమైంది. కరోనా రెండో విడత నడుస్తున్న రోజులు. రంజాన్ ఇరవై ఐదో ఉపవాసం. ఆ పదిమందిలో మావాళ్లెంతమందని మేం లెక్క తీయలేదు, తీయం కూడా. మాకు తెలిసిందొక్కటే. మా జేజినాయన పోయిన నాటికీ ఆ రోజుకూ నడుమ మూడు తరాలు గడిచాయి. తూటా పోయి జిలెటిన్ వచ్చింది, డిటోనేటర్లు వచ్చాయి. పేలుడు పదార్థాల మీద 1884 నుంచీ చట్టం ఉంది. అది చెప్పే జాగ్రత్తలు తెలిసినవాడెవడూ ఆ పెట్టెలు దించే పనికి రాడు. ఆకలి తెలిసినవాడే వస్తాడు. దానికి మూడేళ్ల ముందు, 2018 ఆగస్టు 3న, కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో ఇట్లాగే పేలి పదిమందికి పైగా పోయారు. వాళ్లు మనవాళ్లు కూడా కారు, ఒడిశా వైపు నుంచి వలసొచ్చిన కూలీలు. మనవాళ్లు కువైట్ పోతే ఆ ఖాళీలోకి ఇంకెక్కడి పేదవాళ్లో వచ్చారు. వాళ్ల ఇళ్లల్లోనూ ఇప్పుడు ఎవరో ఒకరు ‘గనిలో పోయాడు’ అని రెండు మాటల్లో చెప్పి ఊరుకుంటూ ఉంటారు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు, దాని వెనకాల ఎన్ఆర్‌సీ మాట వినపడినప్పుడు, మా ఊళ్లల్లో ట్రంకు పెట్టెలు తెరుచుకున్నాయి. తాతల కాగితాలు వెతికారు. భూమి ఉన్నవాళ్లకు పట్టా ఉంది, బడికి పోయినవాళ్లకు టీసీ ఉంది. మాకేముంది? మా జేజినాయన ఈ నేల మీద వదిలిన కాగితం ఉంటే గింటే ఒకటే, జేజి వేలిముద్ర ఉన్న ఆ కాగితం. అది మా దగ్గర లేదు. ఆయన ఇక్కడివాడేనని చెప్పగలిగింది ఆ గుట్ట ఒక్కటే. మీ తాతలు ఎక్కడి నుంచి వచ్చారని మమ్మల్ని అడుగుతారు. ఎక్కడి నుంచీ రాలేదు. గుట్ట లోపలికి పోయారు, కొందరు బయటికి రాలేదు.

కబరస్తాన్‌లో మా జేజినాయన సమాధి ఏదో మా నాయనకే సరిగా తెలీదు. రాయి కొట్టి బతికినవాళ్ల ఊరే అయినా ఆయన తలాపున పేరు చెక్కిన బండ లేదు. పేరు చెక్కించాలంటే కూలి వేరే. ఈ మధ్య మేం కొందరం కలిసి పులివెందుల, వేముల, వేంపల్లె, లింగాల ఊళ్లల్లో ముసలివాళ్లను కూచోబెట్టి అడగడం మొదలుపెట్టాం, మీ ఇంట్లో గనికి పోయినవాళ్లెవరు, ఎట్లా పోయారు అని. దూదేకుల ఇళ్లకే కాదు, మాలపల్లెకూ పోతున్నాం, బోయవాళ్ల ఇళ్లకూ పోతున్నాం. ఏ సంవత్సరమంటే ఎవరూ చెప్పలేరు. పీర్లు లేచిన మూడో రోజంటారు, గంజి పోసిన ఏడంటారు, చిన్నోడు పొత్తిళ్లలో ఉన్నప్పుడంటారు. అట్లాగే రాసుకుంటున్నాం. తారీకులు పట్టుకోవడం తర్వాత చూద్దాం, ముందు పేర్లు పోకుండా ఉంటే చాలు. ముసలమ్మలు మొదట మగవాళ్ల పేర్లే చెబుతారు. నువ్వేం పని చేశావమ్మా అని అడిగితే, నేనేం చేశాను నాయనా, కూచుని రాయి కొట్టాను అంటారు. దగ్గు ఎప్పటి నుంచి అని అడిగాక గానీ అసలు సంగతి రాదు.